దోసలంకతో నిత్యయుద్ధం

దోసలంకవాళ్లు అడిగింది పంటు. సర్కారు ఇచ్చింది యుద్ధనౌక. అడిగినవాడికి అడిగిందే ఇచ్చేస్తే ఇక ఆఫీసులెందుకు, వాటిలో ఆఫీసర్లెందుకు?

పంటు అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, గేదెల్నీ ఏ భేదం లేకుండా గోదావరి దాటించే బల్లపరుపు పడవ అది. దోసలంక చుట్టూ గోదావరి పాయే. దోసకాయలు పండేది లంకలో, కొనేవాళ్లు ఉండేది అవతల వలందులపాడులో. బడి అవతలే, ఆస్పత్రి అవతలే, రేషను బియ్యం కూడా అవతలే. మధ్యలో ఉన్నదల్లా తాతల నాటి నావ ఒకటి. అది నీటి మీద కంటే నీటిలోనే ఎక్కువ ఉండేది. నిరుడు వరదలో తిరగబడి ముగ్గుర్ని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఒకాయన వీరాయమ్మ మొగుడు.

వీరాయమ్మకి గుత్తుల ధర్మారావు మేనల్లుడు. వలందులపాడు రేవుకి సూపరింటెండెంటు. పెద్దకర్మ అయిన మర్నాడే ఆవిడ దోసకాయల తట్ట నెత్తిన పెట్టుకుని, మొగుణ్ణి ముంచిన ఆ నావే ఎక్కి, మేనల్లుడి ఆఫీసుకి వచ్చింది.

"ఒరే ధర్మా, ఇంకెవర్నీ అడగడం మాకు సేతకాదురా. నువ్వా లంకలో పుట్టినోడివి, ఈ రేవుకి ఆఫీసరువి. మళ్లీ గోదారొచ్చేలోపు మాకో పంటు ఏయించు. మీ మావయ్య ఎలాగూ పోయేడు. ఉన్నోళ్లన్నా ఉండాలి కదా."

"అలాగే అత్తా" అన్నాడు ధర్మారావు.

ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ఎవరికీ మాట ఇచ్చి ఎరగడు. "చూద్దాం" అనేవాడు, "పైకి రాశాం" అనేవాడు. ఈసారి నోరు జారింది. ఎదురుగా బొట్టులేని అత్త మొహం చూస్తూ "చూద్దాం" అనడానికి ఆయనకి నోరు రాలేదు.

వలందులపాడు రేవు ఏ శాఖ కిందికి వస్తుందో చెబితే మీరు నమ్మరు. దాని పూర్తి పేరు తీర వారసత్వ, జలరవాణా, సుందరీకరణ సంస్థ. కమిషనరు పరాంకుశం గారు. ఆయన నిలబడి మాట్లాడినా కూర్చుని మాట్లాడినా శంకుస్థాపన ఉపన్యాసంలాగే ఉంటుంది.

"పంటు ఆవశ్యకతను సంస్థ సూత్రప్రాయంగా గుర్తిస్తున్నది" అన్నారాయన, ధర్మారావు అర్జీ చదివి. "అయితే జలరవాణా పద్దు ఎండిపోయినది. సుందరీకరణ పద్దు విమానాశ్రయం ముందు ఏనుగు బొమ్మలకు వెళ్లినది. వారసత్వం పద్దు మాత్రం పొంగి పొర్లుతున్నది. వలందుల దేశం నుంచి ఒక సంఘంవారు దయతో నిధి పంపారు. ముఖ్యమైన షరతు ఒక్కటే. దానిని డచ్చి వారసత్వం మీదనే ఖర్చు పెట్టవలెను."

డచ్చివాళ్లని మన ముత్తాతలు వలందులు అనేవారు. ఎప్పుడో వాళ్లు ఇక్కడ గిడ్డంగులు కట్టి, బట్టలు కొని, సమాధులు మిగిల్చి పోయారు. వలందులపాడు పేరు వాళ్ల చలవే.

ధర్మారావుకి జీవితంలో మొదటిసారి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. "సార్, వారసత్వం అంటే ఓడ కూడా వారసత్వమే కదండీ. పాతకాలం డచ్చి ఓడ నమూనా ఒకటి కడదాం. తేలేది ఏదైతేనేం, జనం దాటతారు."

పరాంకుశం గారికి ఆ మాటలో "ఓడ" వరకే వినబడింది. వెంటనే బొమ్మల పుస్తకం తెప్పించారు. తెరచాపల వర్తక ఓడ బొమ్మ మీద ధర్మారావు వేలు పెట్టాడు. "వర్తక నౌక అనగా వర్తకం. వర్తకమనగా పన్ను" అని కమిషనరు గారు పేజీ తిప్పేశారు. చివరి పేజీల్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డచ్చి నౌకాదళం కట్టించిన డిస్ట్రాయరు రకం యుద్ధనౌక ఉంది. సన్నగా, పొడుగ్గా, బూడిదరంగులో రెండు పొగగొట్టాలూ, ముందొక ఫిరంగీ వెనకొక ఫిరంగీ, టార్పెడోలు వదిలే గొట్టాలూ. జావా సముద్రంలో కాపలా తిరిగిన రకం.

"ఇది!" అన్నారు పరాంకుశం గారు. "దీనికి ఏ దేశంలోనూ పన్ను లేదు."

"సార్, డచ్చివాళ్లు ఈ రేవు వదిలి పోయిన ఎనభై ఏళ్ల తర్వాత కట్టిన ఓడండీ అది. ఇది మన రేవు మొహం చూళ్లేదు."

"వారు ఉండి ఉంటే తెచ్చి ఉండేవారు" అన్నారు కమిషనరు గారు. ఆ వాక్యమే తర్వాత ప్రాజెక్టు నివేదికలో మొదటి పేజీ అయింది.

ఓడ కట్టడం మొదలైంది. అసలు ఓడ ఉక్కుతో కట్టింది. మనది టేకు చెక్కతో కట్టి పైన రేకు తొడిగి బూడిదరంగు వేశారు. నిధి రెండో విడత రాలేదు కాబట్టి పొడవు సగానికి తగ్గించారు. కానీ ఒప్పందంలో రెండు పొగగొట్టాలనీ, రెండు ఫిరంగులనీ ఉంది కాబట్టి అవి మాత్రం తగ్గలేదు. సగం ఓడ మీద మొత్తం ఫిరంగులు ఇరుక్కుని కూర్చున్నాయి. టార్పెడోలు తాటి మొద్దులు. ఇంజను చేపల బోటుది, డీజిలుతో నడిచేది. డీజిలింజనుకి రెండు గొట్టాల పొగ ఎక్కడిది? పొగ లేకపోతే వారసత్వం లేదన్నారు. అందుకని పొగగొట్టాల అడుగున కొబ్బరి డొక్కలు కాల్చడానికి ఇద్దర్ని వేశారు. వాళ్ల హోదా "బాయిలరు నిపుణులు". ఇంజనుకీ వాళ్లకీ ఏ సంబంధమూ లేదు.

ధర్మారావు ఒక్క దొంగపని చేశాడు. వడ్రంగుల్ని పక్కకి పిలిచి, ఓడ అడుగు మాత్రం పంటులాగా బల్లపరుపుగా చేయించాడు. పైన ఎన్ని వేషాలు వేసినా కింద పంటే. ఆ ధైర్యంతోనే అత్తకి కబురు పెట్టాడు.

వీరాయమ్మ వచ్చి చూసింది. ఫిరంగుల్ని చూసింది, తాటి మొద్దుల్ని చూసింది.

"పంటు అడిగితే ఇదేంట్రా, ఎవరి మీదకి యుద్ధానికి?"

"అడుగు పంటే అత్తా. నా మాట నమ్ము."

"ఆయ్, అడుగు సూసి ఎక్కుతారేంట్రా ఎవరన్నా?" అంది గానీ, మేనల్లుడి వీపు తట్టింది. ఆ తట్టుకి ధర్మారావు కళ్లు చెమర్చాయి.

ప్రారంభోత్సవం నాడు లంక మొత్తం అవతలి ఒడ్డున నిలబడింది. మంత్రిగారి రిబ్బను తెగింది. వలందోడ (ఓడకి పెట్టిన డచ్చి పేరు పలకడానికి నోరు తిరగక జనం ఈ పేరు ఖాయం చేసేశారు) రెండు గొట్టాల నుంచీ కొబ్బరి పొగ కక్కుతూ దోసలంక రేవుకి చేరింది. నౌకాధిపతి ధర్మారావే. ఆ ఉద్యోగానికి వేరే ఎవరూ అర్హులు దొరకలేదు, ఆయనా అర్హుడు కాదు, కానీ ఆయన అప్పటికే జీతంలో ఉన్నాడు.

తట్టలతో, పిల్లలతో జనం ఓడెక్కే పలక మీదికి అడుగు వేయబోయారు.

"ఆగండి!" అన్నాడు విశ్వపతి.

గంటి విశ్వపతి సంస్థకి నిబంధనల సలహాదారు. పేకాటరాయుడికి పేక ఎలాగో ఆయనకి నిబంధన అలాగ. చెడ్డవాడు కాదు. నిబంధన ఎటు తీసుకెళితే అటు పోతాడు, గోతిలోకి తీసుకెళితే గోతిలోకి పోతాడు, పోతూ పేజీ నంబరు చెబుతాడు.

"నిధి ఇచ్చిన సంఘం షరతు ప్రకారం, మూల నౌక ఏ నియమావళి కింద పనిచేసిందో ఈ నౌకా ఆ నియమావళి కిందే పనిచేయాలి. ఆ నియమావళి నేను తెలుగు చేయించాను. యుద్ధనౌక మీద మూడు రకాల వారికే చోటు. ఒకటి, సిబ్బంది. రెండు, ఓడ మునిగి నీళ్లలో పడ్డవారు. మూడు, యుద్ధఖైదీలు. దోసకాయల వారు అందులో లేరు."

ధర్మారావు మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. విశ్వపతి ఇంకా చదువుతున్నాడు. "నౌకాధిపతి ఏ జెండా పక్షమో నౌక ఆ జెండాది."

"అద్భుతమైన వాక్యము" అన్నారు పరాంకుశం గారు. "చట్రం కట్టించి చుక్కాని గదిలో తగిలించండి."

తగిలించారు. ఓడ ఖాళీగా వెనక్కి వచ్చింది.

వారం తిరక్కుండానే ధర్మారావు విశ్వపతి ఇంటికి వెళ్లాడు, దోసావకాయ జాడీ పట్టుకుని. "మీరే దారి చూపాలండీ. ఓడ మునిగినవాళ్లని ఎక్కించుకోవచ్చన్నారు కదా. మునిగితే చాలా?"

"మునిగితే చాలు. కానీ నిజంగా మునగాలి."

మర్నాడు దోసలంకలో తాతల నాటి నావ ఎక్కి జనం పాయ మధ్యకి వచ్చారు. వలందోడ పక్కనే సిద్ధంగా ఉంది. వీరాయమ్మ ముక్కు మూసుకుంది. నావ అడుగు కన్నంలో కుక్కిన గుడ్డ పీకారు. ఆ నావకి మునగడం కొత్తేమీ కాదు, చకచకా మునిగింది. జనాన్ని పైకి లాగారు, తట్టల్ని లాగారు. అందరూ క్షేమంగా, తడిసి ముద్దై వలందులపాడు చేరారు. నియమం ప్రకారం ఒక్కొక్కరికీ కంబళీ, గుక్కెడు సారా ఇచ్చారు. సాయంత్రం సొంత ఒడ్డున దించాలని కూడా నియమంలో ఉంది. సారా సంగతి తెలిసి మధ్యాహ్నానికల్లా అవతల ఇంకో యాభై మంది మునగడానికి తయారయ్యారు. అయితే నావ పైకి రాలేదు. నిజంగానే పోయింది. మునగడానికి పడవ లేకుండా ఎవరూ మునగలేరని, ఊరికే నీళ్లలో దూకినవాడు ఈతగాడే తప్ప ఓడ మునిగినవాడు కాడని విశ్వపతి తేల్చాడు.

ఉన్న నావా పోయింది. రెంటికీ చెడిన రేవడి అయింది లంక బతుకు. సారా తాగలేక కంబళీ కప్పుకుని రేవు మెట్ల మీద వణుకుతూ కూర్చున్న అత్తని చూసి ధర్మారావుకి తల కొట్టేసినట్టయింది.

"మూడోది ఏదో ఉంది కదరా" అంది ఆవిడ, పళ్లు టకటకమంటూంటే. "ఖైదీలో ఏదో."

"అది యుద్ధం చేసి ఓడిపోయినవాళ్లకి అత్తా."

"ఓడిపోడం ఏమన్నా కష్టమేంటి? పుట్టినకాణ్ణించీ అదే పని కదా."

యుద్ధం ఎలా మొదలవుతుందని విశ్వపతిని అడిగారు. నౌక మీద శత్రుపక్షం ఏదైనా వస్తువు విసిరితే యుద్ధం మొదలైనట్టే, విసిరినవారి పక్షాన సేనాని రెండు చేతులూ ఎత్తి కత్తి అప్పగిస్తే ముగిసినట్టే అన్నాడు. ఏ వస్తువు విసరాలో నియమావళిలో లేదు.

మర్నాడు పొద్దున్నే వలందోడ దోసలంక రేవు దగ్గరికి వచ్చింది. వీరాయమ్మ తట్టలోంచి ఒక కుళ్లు దోసకాయ ఏరి, గురి చూసి, ఓడ రేకుకేసి కొట్టింది. ఠప్పుమంది.

"యుద్ధం ప్రారంభమైనది" అని రాసుకున్నాడు విశ్వపతి.

లంక మొత్తం చేతులెత్తింది. వీరాయమ్మ కూరగాయల కత్తిపీట నౌకాధిపతికి అప్పగించింది. అప్పగించి, "బేగా ఇచ్చెయ్యరా, గుమ్మడికాయ కొయ్యాలి" అంది. వీరుడైన సేనానికి కత్తి తిరిగి ఇవ్వడం మర్యాద అని నియమావళిలో ఉండనే ఉంది. తట్టలవాళ్ల విషయంలో కాస్త చిక్కు వచ్చింది. నెత్తిన తట్ట పట్టుకున్న చేతులు ఎత్తిన చేతులేనా? విశ్వపతి తట్టల చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు భుజాల కంటే పైన ఉన్నాయి కాబట్టి ఎత్తినవే అన్నాడు. ఖైదీలందరూ ఓడెక్కి అవతలి ఒడ్డున దిగి, బజారుకీ బడికీ పోయారు. సాయంత్రం "ఖైదీల మార్పిడి" జరిగింది. ఎవరితో ఎవర్ని మార్చుకున్నారో ఎవరూ అడగలేదు.

దోసలంకకి ఇన్నాళ్లకి దాటే దారి దొరికింది. దానికి రోజుకో యుద్ధం ఓడిపోవాలి, అంతే.

ధర్మారావు భయమల్లా ఈ సంగతి కమిషనరు గారికి తెలిస్తే ఏమవుతుందోనని. తెలిసింది. పరాంకుశం గారు గది తలుపు వేయించి, ధర్మారావుని ఎదురుగా నిలబెట్టారు.

"మన సంస్థ యుద్ధములు చేయుచున్నదట."

"చిన్నవేనండీ" అన్నాడు ధర్మారావు.

"గెలుచుచున్నామా?"

"రోజూ గెలుస్తున్నామండీ."

పరాంకుశం గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి గోదావరిని చూశారు. "ధర్మారావ్, మూల నౌక తన సేవాకాలమంతటిలో ఎన్ని యుద్ధములు గెలిచినది?"

"దాని దేశం మొదటి మహాయుద్ధంలో ఎవరి పక్షమూ చేరలేదండీ. ఊరికే కాపలా తిరిగేది."

"అనగా వారు కట్టినది మనము గెలిపించుచున్నాము!"

ఆ రోజు నుంచీ రొట్టె విరిగి నేతిలో పడింది. సంస్థ వార్షిక నివేదికలో వంద దాటిన యుద్ధాలూ, అన్నిటా విజయమూ, మన పక్షాన ప్రాణనష్టం ఒక కోడిపెట్ట అనీ (దోసకాయ తగిలింది) అచ్చయింది. కమిషనరు గారి కోటుకి ఒక పతకం వచ్చింది, దానికి తోడు ఇంకొకటి వచ్చింది. లొంగుబాట్లకి ఒక డిప్యూటీ డైరెక్టరు, మార్పిడులకి ఇంకొకాయన వచ్చారు. ఖైదీలకి రొట్టె, చీజు పెట్టాలని నియమావళిలో ఉంటే, తెలుగు చేసినవాడు చీజుని జున్ను అన్నాడు. లంక మొత్తానికి రోజూ జున్ను కావాలంటే రోజూ గేదెలు ఈనాలి. అందుకని పశుసంవర్ధక శాఖకి లేఖ వెళ్లింది, గేదెలు విడతలవారీగా ఈనేలా చర్య తీసుకోవలసిందిగా. గేదెల సంగతేమో గానీ ఆ శాఖలో ఒక కమిటీ మాత్రం ఈనింది.

అసలు ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. రోజూ కలిసి ప్రయాణం చేసేసరికి శత్రువులకీ సిబ్బందికీ స్నేహం కుదిరింది. డొక్కలు కాల్చే నిపుణుడు లంక పిల్లని చేసుకున్నాడు. వీరాయమ్మ కుళ్లు కాయ విసరడం మానేసి, ధర్మారావు చేతికి మంచి కాయ అందించడం మొదలుపెట్టింది. పైనుంచి మెమో వచ్చింది: "శత్రుత్వం సన్నగిల్లుతున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. యుద్ధ ప్రకటన ఆవలి ఒడ్డుకు వినిపించునట్లు ఉండవలెను."

ధర్మారావు సిగ్గుపడుతూ అత్తకి చదివి వినిపించాడు.

"అంతేనా! తిట్టమనేగా?" అంది వీరాయమ్మ. మర్నాడు నడుముకి కొంగు దోపి మొదలెట్టింది. కమిషనరు గారి ఏడు తరాలకీ, వాళ్ల వంటింటి పొయ్యికీ, పెరటి కోడికీ తలా ఒకటి వడ్డించింది. విశ్వపతి రాసుకోలేక కలం కింద పెట్టేశాడు. "శత్రుత్వం సంతృప్తికరం" అని మాత్రం పైకి పంపాడు.

ఇలా గడిచిపోతే బాగుండేది. కానీ రాజధానిలో ఎవరికో ఉన్నట్టుండి శాంతి మీద మోజు పుట్టింది. ఆ ఏడాదిని శాంతి సంవత్సరమన్నారు. ప్రతి సంస్థా ఒక శాంతి నెలకొల్పి ఫోటోలతో సహా పంపాలన్నారు. విద్యుత్తు సంస్థవాళ్లు, రిజిస్ట్రేషన్లవాళ్లు శాంతి ఎక్కణ్నించి తేవాలో తెలియక జుట్టు పీక్కున్నారు. పరాంకుశం గారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"శాంతికి మూలధనము యుద్ధము. రాష్ట్రము మొత్తము మీద యుద్ధము కలిగిన సంస్థ మనదొక్కటే!"

ఒప్పందానికి ముహూర్తం శ్రావణమాసంలో కుదిరింది. గోదావరి ఎర్రనీరు తిరిగి, పాయ నిండా సుళ్లు తిరుగుతోంది. ధర్మారావు కమిషనరు గారి గది బయట పొద్దుటినుంచీ నిలబడి, లోపలికి పిలిస్తే నసిగాడు. "సార్, శాంతి వచ్చేస్తే వాళ్లు ఖైదీలు కారండీ. ఖైదీలు కాకపోతే ఓడెక్కడానికి లేదండీ. నావ కూడా పోయింది. వరద రోజులు."

"ధర్మారావ్, నీవు శాంతికి వ్యతిరేకివా?"

"కాదండీ."

"అయితే కుర్చీలు వేయించు."

ఆయన కుర్చీలు వేయించాడు. అదీ ధర్మారావంటే.

ఆ రోజు లంక జనాన్నందరినీ ఆఖరిసారి ఖైదు చేసి వలందులపాడు తీసుకొచ్చారు. ఫోటోకి నిండుగా ఉండాలని ఒక్కరినీ వదల్లేదు. మంచాన ఉన్న ముసలివాళ్లూ, ఉయ్యాల్లో చంటిపిల్లలూ, గేదెలూ మాత్రం లంకలో ఉండిపోయారు. సంతకాలు ఓడ మీద. వెండి పళ్లెంలో జున్ను. మఖ్మలు దిండు మీద ఒక దోసకాయ, యుద్ధంలో మిగిలిన ఆఖరి ఆయుధంగా ప్రదర్శనశాలకి పోవడానికి. సర్వసేనాని హోదాలో వీరాయమ్మ వేలిముద్ర వేసింది. "ఇకమీదట దోసలంక వాస్తవ్యులు సంస్థపై ఏ వస్తువునూ విసరరు. ఈ శాంతి శాశ్వతము" అని చదివారు. చప్పట్లు కొట్టారు. సేనానికి శాలువా కప్పి, మర్యాదగా ఓడ దింపేశారు.

పొద్దు వాలింది. మబ్బు కమ్మింది. జనం ఇళ్లకి పోవడానికి ఓడ పలక దగ్గరికి వచ్చారు.

"ఎవరు మీరు?" అన్నాడు విశ్వపతి. నిజంగానే అడిగాడు.

"దోసలంకోళ్లం బాబూ. రోజూ ఎక్కేదేగా."

"సిబ్బందా? ఓడ మునిగినవారా? ఖైదీలా?"

చంటిపిల్లని ఇంట్లో వదిలి వచ్చిన తల్లి ఒకతె అవతలి ఒడ్డు వైపు చూసి బావురుమంది. పాలు చేపుకొచ్చి ఆమె రవిక తడిసిపోయింది. గాలి లేచింది. ఓడ మీద వెండి పళ్లెం పక్కన నిలబడి ధర్మారావు ఇదంతా చూస్తున్నాడు.

ఆయన పరిగెత్తుకుంటూ మెట్లు దిగి అత్త దగ్గరికి వెళ్లాడు. "అత్తా, ఒక్క కాయ విసురు. ఒక్కటి చాలు."

వీరాయమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏలిముద్ర ఏసేనురా. మాటిచ్చి ఎలా తప్పనూ? నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు, నా మాట నన్ను నిలబెట్టుకోనీ." ఆ తర్వాత చిన్నగా అంది, "కానీ పిల్లలు అవతల ఒక్కళ్లే ఉన్నారు ధర్మా."

ధర్మారావు మళ్లీ ఓడెక్కాడు. కమిషనరు గారు ఫోటోగ్రాఫరుకి పతకాల వైపు చూపిస్తున్నారు. "సార్, ఈ ఒక్క పూటా..." అన్నాడు ధర్మారావు.

"శాంతిలో ఒక్క పూట ఉండదు. శాంతి నిరంతరము."

ధర్మారావు తన చేయి మఖ్మలు దిండు మీదికి పోవడం చూశాడు. అది తన చేయేనని ఒక క్షణం నమ్మకం కుదరలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా పూచికపుల్ల విసిరినవాడు కాదు. పొగగొట్టానికి గురి పెట్టాడు. అలవాటు లేని పని కదా, దోసకాయ పోయి పోయి కమిషనరు గారి రెండు పతకాలకీ మధ్య తగిలి పగిలింది. ఫోటో కోసం వారం ముందే ఏరి దిండు మీద పెట్టిన కాయ కావడంతో లోపల బాగా పండింది.

డిప్యూటీ డైరెక్టర్లిద్దరూ కళ్లు మూసుకున్నారు. విశ్వపతి ఒక్కడే కదిలాడు. జేబులోంచి కలం తీశాడు.

"యుద్ధం ప్రారంభమైనది" అన్నాడు. "విసిరినవారు గుత్తుల ధర్మారావు. జన్మస్థలం దోసలంక. కావున ఇది దోసలంక దాడి."

"పట్టుకోండి వాణ్ణి!" అన్నారు కమిషనరు గారు, గింజలు దులుపుకుంటూ.

"ఒక్క నిమిషం సార్." విశ్వపతి చుక్కాని గదిలో చట్రం కట్టిన వాక్యం వైపు తిరిగాడు. చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. నిబంధన ఇంత దూరం తీసుకొస్తుందని ఆయనా అనుకోలేదు. "నౌకాధిపతి ఏ జెండా పక్షమో నౌక ఆ జెండాది. నౌకాధిపతి ఇప్పుడు దోసలంక పక్షం. కనుక నౌక శత్రువశమైంది సార్."

"అయితే?"

"అయితే ఈ నౌక దోసలంకది. లంకవాళ్లు సిబ్బంది. మనం యుద్ధఖైదీలం." ఆయన కలం జేబులో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తాడు. "మీరూ ఎత్తితే మంచిది సార్. లేకపోతే నీళ్లలోకి తోసే అధికారం వారికి ఉంది. పేజీ నంబరు కావాలా?"

పరాంకుశం గారు ఎత్తలేదు. ఆ హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు కూడా. సిబ్బంది హోదాలో లంక లంకంతా తట్టలతో సహా ఓడెక్కేసింది. పాలిచ్చే తల్లిని అందరికంటే ముందు ఎక్కించారు. నిపుణులు డొక్కలు ఎగదోశారు. ధర్మారావు చుక్కాని పట్టుకున్నాడు. ఓడ తిన్నగానే పోయింది. సుళ్ల మధ్య నుంచి, చీకటి పడకముందే అందరూ ఇల్లు చేరారు. అడుగు పంటుది కదా.

ఆ పూట కమిషనరు గారు వీరాయమ్మ ఇంటి అరుగు మీద పడుకున్నారు. నియమం ప్రకారం ఆవిడ జున్ను పెట్టింది, దోసకాయ పప్పు కూడా పెట్టింది. విశ్వపతి మారు వడ్డించుకున్నాడు. పరాంకుశం గారు ముట్టలేదు.

తెల్లారింది. లంక రేవులో వలందోడ కూత వేసింది. తట్టలవాళ్లు, బడిపిల్లలు ఎప్పటిలా వరసలో నిలబడ్డారు, ఈసారి చేతులు దింపుకుని. వరస చివర పరాంకుశం గారు నిలబడ్డారు, కోటు మీద దోసగింజలు ఎండిపోయి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని రాజధానికి ఏదో చెబుతూ. ఆయన పలక మీద కాలు పెట్టబోతుంటే వీరాయమ్మ అడ్డం నిలబడింది.

"తమరు సిబ్బందా బాబూ?"

కమిషనరు గారు ఆవిడ వైపు చూశారు. ధర్మారావు వైపు చూశారు. ధర్మారావు చట్రం కట్టిన వాక్యం వైపు చూశాడు. చివరికి ఆయన ఖాళీగా ఉన్న చేతిని భుజం దాకా లేపారు.

"ఫోను పట్టుకున్నది లెక్కలోకి రాదు బాబూ" అంది వీరాయమ్మ మెత్తగా. "రెండోది కూడా ఎత్తండి. బేరాలకి ఆలిస్యమవుతుంది."